ఎక్కే దారి, దిగే దారి: ఎడ్వర్డ్ వింపర్ జీవితం



2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పల్లెటూరి అమ్మాయి, భువనగిరి కొండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది అంత ఎత్తుకు వెళ్లింది. ఆ తర్వాత మన ఇళ్లలో కూడా ట్రెక్కింగ్, రాక్ క్లైంబింగ్ మాటలు వినిపిస్తున్నాయి. మీ అమ్మాయో అబ్బాయో ఏదో ఒక సెలవుల్లో క్యాంప్‌కు పంపమని మిమ్మల్ని అడిగే ఉంటారు. పంపితే ధైర్యం వస్తుందని ఒక పక్క అనిపిస్తుంది. ఏమైనా జరిగితే ఎలా అని ఇంకో పక్క గుండె పీకుతుంది.

ఈ నెల మీకు పరిచయం చేస్తున్న మనిషి జీవితంలో ఆ రెండూ ఉన్నాయి. పేరు ఎడ్వర్డ్ వింపర్. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ లోయకు ఎదురుగా నిలిచే మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఏడుగురిలో ఒకడు. నాలుగేళ్లు పట్టు వదలకుండా దారి వెతికి ఎక్కాడు. దిగేటప్పుడు ఆ ఏడుగురిలో నలుగురు చనిపోయారు. ఆ తర్వాత అతను 46 ఏళ్లు బతికాడు. ఈ కథను మీ పిల్లలకు చెప్పేటప్పుడు దయచేసి శిఖరం దగ్గర ఆపేయకండి. అసలు నేర్చుకోవాల్సింది శిఖరం దిగిన తర్వాతే మొదలవుతుంది.

బొమ్మలు చెక్కే కుర్రాడు

వింపర్ 1840 ఏప్రిల్ 27న లండన్‌లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి జోసయ్య వింపర్‌ది చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కే వృత్తి. ఫోటోలను నేరుగా పుస్తకాల్లో అచ్చువేయడం ఇంకా రాని రోజులవి. పుస్తకంలో బొమ్మ కావాలంటే చెక్క మీద గీత గీతగా చెక్కి అచ్చు తీయాల్సిందే. తండ్రి అతన్ని పద్నాలుగేళ్లకే బడి మానిపించి పనిలో పెట్టుకున్నాడు. ఒక్క గీత తప్పినా కష్టమంతా వృథా అయ్యే పని అది. దేన్నయినా నిదానంగా చూడటం, చూసినదాన్ని చూసినట్టు కాగితం మీద పెట్టడం అతనికి అక్కడే అలవాటైంది.

1860లో, అతనికి ఇరవై ఏళ్లప్పుడు, విలియం లాంగ్‌మన్ అనే లండన్ ప్రచురణకర్త ఆల్ప్స్ పర్వతాల బొమ్మలు గీసుకురమ్మని పంపాడు. అంతకుముందు అతనికి పర్వతాలతో పరిచయం లేదు. పని మీద వెళ్లిన కుర్రాడు ఆ కొండల వ్యామోహంలో పడిపోయాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లోని పెల్వూ శిఖరం ఎక్కాడు. ఆ తర్వాత అతని కళ్లు మాటర్‌హార్న్ మీద పడ్డాయి.

ఆ కొండను ఒకసారి మనసులో ఊహించుకోండి. ఎత్తు 4,478 మీటర్లు. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు మీద ఒంటరిగా నిలిచిన రాతి పిరమిడ్. నాలుగు ముఖాలు, వాటి మధ్య నాలుగు పదునైన అంచులు. ఉత్తరం వైపు సుమారు 1,600 మీటర్ల ఎత్తున జెర్మాట్ గ్రామం. దక్షిణం వైపు ఇటలీలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున బ్రెయ్ గ్రామం. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే తియోడూల్ కనుమ దాటాలి. ఆల్ప్స్‌లోని పెద్ద శిఖరాలు ఒక్కొక్కటిగా లొంగుతున్న కాలంలో కూడా దీని జోలికి వెళ్లడానికి గైడ్లు జంకేవారు. జెర్మాట్ వైపు నుంచి ఎక్కడం కుదరని పని అని దాదాపు అందరి నమ్మకం. అందుకే ప్రయత్నాలు ఎక్కువగా ఇటలీ వైపు అంచు మీదే జరిగాయి. వింపర్ కూడా అక్కడే మొదలుపెట్టాడు.

ఏడు ఓటములు

1861లో ఒకసారి, 1862లో ఐదుసార్లు, 1863లో ఒకసారి. మొత్తం ఏడుసార్లు ఇటలీ అంచు మీద ఎక్కి, ఏడుసార్లూ వెనక్కి వచ్చాడు. ఒకసారి గాలివాన, ఒకసారి తోడు వచ్చినవారి అనారోగ్యం, ఒకసారి గైడ్ల అయిష్టం. ఆ ప్రాంతంలో అందరికంటే గట్టి గైడ్ జాన్-ఆంట్వాన్ కారెల్ అనే ఇటలీ మనిషి. మాటర్‌హార్న్ తన ఊరి కొండ కాబట్టి తన ఊరి వైపు నుంచే లొంగాలని అతని పంతం. వింపర్‌తో కలిసి ఎక్కాడు, విడిపోయాడు, మళ్లీ కలిశాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఉంది, పోటీ కూడా ఉంది.

ప్రతి ఓటమి తర్వాత వింపర్ ఏదో ఒకటి మార్చుకునేవాడు. రాత్రి మరింత ఎత్తున పడుకుంటే మర్నాడు దూరం తగ్గుతుందని ఆలోచించి సొంతంగా ఒక గుడారం తయారుచేసుకున్నాడు. నాలుగు కర్రలు, అడుగు బట్ట గోడలకే కుట్టేసి ఉండటం దాని ప్రత్యేకత. ఒక మనిషి మోయగలడు, నలుగురు పడుకోవచ్చు, ఈదురుగాలికి నిలుస్తుంది. ఆ నమూనా గుడారాలను చాలా ఏళ్లపాటు పర్వతారోహకులు ఆయన పేరుతోనే పిలుస్తూ వాడారు.

1862 జులైలో ఒకసారి తోడు ఎవరూ దొరక్క ఒంటరిగా వెళ్లాడు. అప్పటిదాకా ఎవరూ చేరని ఎత్తు దాకా చేరి వెనక్కి తిరిగాడు. దిగుతూ ఒక మలుపు దగ్గర మంచు మీద కాలు జారింది. రాళ్లకు కొట్టుకుంటూ దాదాపు 200 అడుగులు పడిపోయి, అగాధానికి కొద్ది అడుగుల ఇవతల ఆగాడు. తలకు ఒంటికి ఇరవైకి పైగా గాయాలు. మంచుగడ్డ అదిమి నెత్తురు ఆపుకుని, స్పృహ తప్పి, లేచి, చీకట్లో ఊరు చేరాడు. వారం తిరగకముందే మళ్లీ కొండ మీద ఉన్నాడు. మీరు గమనించారా? ఆ ప్రమాదం ఎక్కేటప్పుడు జరగలేదు, దిగేటప్పుడు జరిగింది. ఆ పాఠం అప్పటికి అతనికి పూర్తిగా అందలేదు.

కొండను చదవడం

ఇక్కడి నుంచి వింపర్ అసలు ప్రతిభ మొదలవుతుంది. చదువుకునే పిల్లలు ఉన్న ఇంట్లో ఈ భాగం తప్పకుండా చెప్పాల్సింది. పదే పదే ఓడిపోతున్న మనిషి రెండు పనులు చేయవచ్చు. అదే దారిలో ఇంకా గట్టిగా ప్రయత్నించవచ్చు, లేదా దారే తప్పేమో అని అడగవచ్చు. వింపర్ రెండోది చేశాడు.

జెర్మాట్ నుంచి చూస్తే మాటర్‌హార్న్ తూర్పు ముఖం నిట్టనిలువు గోడలా కనిపిస్తుంది. అందుకే అందరూ భయపడ్డారు. కానీ వింపర్ ఒక విషయం పట్టుకున్నాడు. ఆ గోడ మీద ఏడాది పొడుగునా మంచు నిలిచే ఉంటోంది. నిజంగా నిలువు గోడ అయితే మంచు జారిపోవాలి కదా! పక్క నుంచి, అంటే కొండను అడ్డంగా చూసే చోటికి వెళ్లి మళ్లీ చూశాడు. ఎదురుగా నిలువుగా కనిపించిన ముఖం పక్క నుంచి చూస్తే సుమారు 40 డిగ్రీల వాలే. ఎదురుగా నిలబడి చూసినవాళ్లందరినీ కన్ను మోసం చేసింది.

రెండోది రాతి పొరల సంగతి. ఆ కొండలోని రాతి పొరలు ఒకవైపుకు వాలి ఉన్నాయి. ఇటలీ వైపు ఆ పొరల అంచులు బయటికి, కిందికి వంగి ఉంటాయి, మన పెంకుటిళ్ల కప్పులాగా. దాని మీద ఎక్కితే చేతికి పట్టు దొరకదు, కాలు జారుతుంది. అవే పొరలు కొండకు అవతలి వైపు, అంటే జెర్మాట్ వైపు, లోపలికి వాలాలి. అప్పుడు అవి మెట్లలా ఉంటాయి. కాబట్టి అందరూ అసాధ్యమన్న వైపే సులువైన దారి ఉండాలి. ఒక బొమ్మల పనివాడు, పద్నాలుగేళ్లకు బడి మానేసినవాడు, కేవలం చూసి, ఆలోచించి ఈ నిర్ణయానికి వచ్చాడు.

అలాగని అతను తొందరపడలేదు. 1864లో మిషెల్ క్రోజ్, క్రిస్టియన్ ఆల్మర్ అనే గొప్ప గైడ్లతో, మరో ఇద్దరు ఇంగ్లిష్ మిత్రులతో కలిసి ఫ్రాన్స్‌లోని బార్ దెజెక్రాఁ శిఖరాన్ని మొదటిసారి ఎక్కాడు. 1865 వేసవికి పెద్ద కార్యక్రమం వేసుకున్నాడు. కొండల్లో దారి ఎంచుకోవడంలో తన తీర్పు ఎంతవరకు సరైనదో పరీక్షించుకోవడమే ఆ ప్రయాణం ఉద్దేశమని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. తెలిసినవాళ్లను అడిగాడు. ఇతరులు ఎక్కడ ఎందుకు ఓడిపోయారో తెలుసుకుని, ఆ తప్పులు తాను చేయకుండా చూసుకున్నాడు. జూన్‌లో గ్రాండ్ కోర్నియే, గ్రాండ్ జొరాస్‌లో ఒక శిఖరం, ఎగ్వీ వెర్త్ వరుసగా ఎక్కాడు. మధ్యలో జూన్ 21న మాటర్‌హార్న్ మీద ఆగ్నేయం వైపు ఒక రాతి చీలికలో ప్రయత్నించి, పైనుంచి బండలు దొర్లిపడుతుంటే వెనక్కి వచ్చాడు. అది ఎనిమిదో ఓటమి. అంతటితో ఇక జెర్మాట్ వైపు దారే మిగిలింది.

ఒక్క సాయంత్రంలో తయారైన టీమ్

జులై మొదట్లో వింపర్ బ్రెయ్ చేరాడు. కారెల్‌ను వెంట తీసుకుపోదామనుకున్నాడు. కానీ కారెల్ అప్పటికే ఇటలీ పర్వతారోహకులకు మాట ఇచ్చేశాడు. కొత్తగా పుట్టిన ఇటలీ ఆల్పైన్ క్లబ్‌కు ఆ గౌరవం దక్కాలని వాళ్లు రహస్యంగా ఏర్పాట్లు చేసుకున్నారు. జులై 11 ఉదయం కారెల్ బృందం కొండ వైపు బయల్దేరిపోయిందని వింపర్‌కు తెలిసింది. నాలుగేళ్ల కష్టం చేజారిపోతోందనిపించింది.

ఇక్కడి నుంచి తొందర మొదలైంది. ఆ రోజే బ్రెయ్ వచ్చిన లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ అనే 18 ఏళ్ల బ్రిటిష్ యువకుడితో కలిసి వింపర్ మర్నాడు తియోడూల్ కనుమ దాటి జెర్మాట్ చేరాడు. అక్కడ పీటర్ టౌగ్‌వాల్డర్ అనే గైడ్‌ను, అతని కొడుకులను మాట్లాడుకున్నారు. అదే సాయంత్రం హోటల్లో ఇంకో జట్టు కలిసింది. పేరున్న పర్వతారోహకుడు, చర్చి ఫాదర్ చార్ల్స్ హడ్సన్. ఆయన వెంట వింపర్ పాత మిత్రుడు గైడ్ క్రోజ్. ఇంకా హాడో అనే 19 ఏళ్ల యువకుడు. వాళ్లు కూడా మర్నాడే మాటర్‌హార్న్‌కు బయల్దేరబోతున్నారు. ఒకే కొండ మీద ఒకే రోజు రెండు జట్లు వేరువేరుగా ఉండటం మంచిది కాదని అందరినీ కలిపి ఒకే జట్టు చేశారు.

హాడోకు అనుభవం ఎంత అని వింపర్ అడిగాడు. మోంట్ బ్లాంక్‌ను చాలామంది కంటే వేగంగా ఎక్కాడని హడ్సన్ చెప్పాడు. అది నిజమే. కానీ ఆ యువకుడికి ఆల్ప్స్‌లో అది మొదటి వేసవి. వేగం వేరు, రాతి మీద కాలు ఎక్కడ పెట్టాలో తెలియడం వేరు. ఆ సాయంత్రం ఆ తేడాను ఎవరూ తరచి చూడలేదు. ఏళ్ల తరబడి దారిని పరిశీలించిన మనిషి, ఆ దారిలో తనతో వచ్చేవాళ్లను ఒక్క సాయంత్రంలో ఖాయం చేసుకున్నాడు.

జులై 14

1865 జులై 13న తెల్లవారుజామున మబ్బులేని ఆకాశం కింద జెర్మాట్ నుంచి బయల్దేరారు. దాదాపు 11,000 అడుగుల ఎత్తున గుడారం వేసుకున్నారు. మర్నాడు వెలుగు రాగానే ఎక్కడం మొదలుపెట్టారు. వింపర్ లెక్క అక్షరాలా నిజమైంది. నిలువు గోడ అనుకున్న తూర్పు ముఖం పెద్ద మెట్లదారిలా ఉంది. చాలా దూరం తాడు అవసరమే పడలేదు. పైకి వెళ్లాక మాత్రం ఒక చోట ఉత్తరం వైపుకు మళ్లాల్సి వచ్చింది. అక్కడ రాళ్ల మీద పలుచని మంచు పొర. పట్టు తక్కువ. హాడోకు అడుగడుగునా సాయం కావాల్సి వచ్చింది. అయినా దాటారు. మధ్యాహ్నం 1.40కి శిఖరం చేరారు. మంచు మీద అడుగుల గుర్తులేవీ లేవు. కారెల్ బృందం చాలా కింద ఇటలీ అంచు మీద చుక్కల్లా కనిపించింది.

పైన ఒక గంట ఉన్నారు. వింపర్ బొమ్మ గీస్తున్నాడు. దిగే వరుసను వింపర్, హడ్సన్ మాట్లాడుకుని నిర్ణయించారు. ముందు క్రోజ్, తర్వాత హాడో, హడ్సన్, డగ్లస్, పెద్ద పీటర్. కష్టమైన చోట రాతికి ఒక తాడు కట్టి, దిగేటప్పుడు అదనపు పట్టుగా వాడుకుందామని వింపర్ ఒక ఆలోచన చెప్పాడు. హడ్సన్ బాగుందన్నాడు. కానీ కచ్చితంగా చేయాలని ఎవరూ తేల్చలేదు, ఎవరూ చేయలేదు. అందరి పేర్లూ రాసి సీసాలో పెట్టడం మరిచిపోయామని ఎవరో గుర్తుచేశారు. వింపర్ ఆ పనిలో ఉండగా మిగతావాళ్లు తాళ్లు కట్టుకుని కదిలారు.

వాళ్ల దగ్గర మూడు రకాల తాళ్లు ఉన్నాయి. రెండు బలమైనవి. మూడోది పాతకాలపు సన్నతాడు. అదనంగా ఉంటుందని, అవసరమైతే రాళ్లకు కట్టి వదిలేయడానికి తెచ్చుకున్నది. మొదటి నలుగురినీ మంచి తాడుతో కట్టారు. డగ్లస్‌కూ పెద్ద పీటర్‌కూ మధ్య మాత్రం ఆ బలహీనమైన తాడు పడింది. బలమైన తాడు ఇంకా మిగిలి ఉండగానే ఇది జరిగింది. మూడు గంటల ప్రాంతంలో డగ్లస్, ఎవరైనా జారితే పెద్ద పీటర్ ఒక్కడూ ఆపలేడేమోనని భయపడి, వింపర్‌ను కూడా పీటర్‌కు తాడుతో కట్టుకోమని కోరాడు. వింపర్ కట్టుకున్నాడు. జట్టులో అందరికంటే చిన్నవాడికి ఆ అనుమానం వచ్చింది.

కొద్ది నిమిషాలకే అది జరిగింది. క్రోజ్ తన గొడ్డలి పక్కన పెట్టి హాడో పాదాలు రెండూ పట్టుకుని ఒక్కొక్కటిగా సరైన చోట పెడుతున్నాడు. తను ఒక అడుగు దిగడానికి తిరిగిన క్షణంలో హాడో జారి అతని మీద పడ్డాడు. ఆ ఇద్దరి బరువుకు హడ్సన్, ఆ వెంటనే డగ్లస్ లాగబడ్డారు. పైన పెద్ద పీటర్, వింపర్ రాళ్లను గట్టిగా పట్టుకుని నిలదొక్కుకున్నారు. తాడు బిగుసుకుంది. డగ్లస్‌కూ పీటర్‌కూ మధ్య తెగిపోయింది. నలుగురూ దాదాపు 4,000 అడుగుల కింద హిమానీనదం మీద పడిపోయారు.

మిగిలిన ముగ్గురు, అంటే వింపర్, టౌగ్‌వాల్డర్ తండ్రీకొడుకులు, అరగంటపాటు అక్కడి నుంచి కదల్లేకపోయారు. తర్వాత మెల్లగా దిగి, చీకటి పడితే ఒక రాతి మీదే రాత్రి గడిపి, మర్నాడు జెర్మాట్ చేరారు. ముగ్గురి మృతదేహాలు దొరికాయి. డగ్లస్ దేహం ఇప్పటికీ దొరకలేదు. మూడు రోజులకు, జులై 17న, కారెల్ ఇటలీ వైపు నుంచి శిఖరం చేరాడు.

ఆ తర్వాతి 46 ఏళ్లు

జెర్మాట్‌లో విచారణ జరిగింది. ఎవరి మీదా నేరం మోపలేదు. అయినా పెద్ద పీటరే తాడు కోశాడన్న పుకారు పుట్టింది. తాడు కోసింది కాదని, తెగిందని వింపర్ స్పష్టంగా చెప్పాడు. ఆ తాడే ఎందుకు వాడారన్న ప్రశ్న మాత్రం అతను వదల్లేదు. ఆ నీడ పీటర్ జీవితం మీద చివరిదాకా ఉండిపోయింది. ఇంగ్లండులో పత్రికలు ఇలాంటి ప్రాణాంతకమైన ఆటలెందుకని నిలదీశాయి.

అప్పటికి వింపర్ వయసు 25. ఆ తర్వాత ఆల్ప్స్‌లో కొత్త శిఖరాల వేట దాదాపు మానేశాడు. 1871లో ఆల్ప్స్ అనుభవాల మీద పుస్తకం రాసి, బొమ్మలు తనే చెక్కి అచ్చు వేయించాడు. ఇప్పటికీ పర్వతారోహణ పుస్తకాల్లో అది ముందు వరుసలో ఉంటుంది. అందులో ప్రమాదాన్ని దాచలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ తాడు ఎంత పొడవు, ఎంత బలం అన్నీ రాశాడు. తెగిన తాడును, తెగని తాళ్లను పక్కపక్కన బొమ్మ గీసి చూపించాడు.

1879లో అతను దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌కు బయల్దేరాడు. ఎత్తుకు వెళ్తే మనిషికి ఏమవుతుందో పరిశీలించడం ఈసారి లక్ష్యం. వెంట తీసుకెళ్లింది ఎవరినో తెలుసా? పాత పోటీదారు కారెల్‌ను, అతని బంధువు లూయీ కారెల్‌ను. ఆ ప్రయాణానికి ప్లానింగ్ వేరేలా జరిగింది. ఎత్తైన చోట తినడానికి కావలసినవి ఇంగ్లండులోనే కొలిచి రేకు డబ్బాల్లో మూయించాడు. గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్లను పరీక్షించి తీసుకెళ్లాడు. చింబొరాజో కొండ మీద ఒకేసారి పైకి పోకుండా మెట్లు మెట్లుగా క్యాంపులు వేశాడు. సుమారు 5,000 మీటర్ల ఎత్తున రెండో క్యాంపులో వింపర్‌కూ, ఆ ఇద్దరు కారెల్‌లకూ జ్వరం, భరించలేని తలనొప్పి, ఊపిరి అందకపోవడం. కొండల్లోనే పుట్టి పెరిగిన మనుషులు పడకేశారు. జట్టులో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషికి మాత్రం ఏమీ కాలేదు. ఒంటి బలానికీ ఎత్తుకు అలవాటుపడటానికీ సంబంధం లేదని వింపర్ అక్కడ కళ్లారా చూశాడు. తొందరపడకుండా, ఒళ్లు సర్దుకునేదాకా ఆగాడు. 1880 జనవరి 4న ఆ ముగ్గురూ 6,263 మీటర్ల శిఖరం చేరి క్షేమంగా దిగారు. తర్వాత కోటోపాక్సీ అగ్నిపర్వతం మీద ఒక రాత్రంతా గడిపి తన పరిశీలన కొనసాగించాడు. ఈ కృషికి 1892లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి పతకం ఇచ్చింది.

కారెల్ గురించి ఒక మాట చెప్పాలి. 1890 ఆగస్టులో అతను ఇటలీ అంచు మీద ఒక యువకుడిని తీసుకెళ్లి గాలివానలో చిక్కుకున్నాడు. వయసు మీరినా, ఒంట్లో శక్తి అయిపోతున్నా, గంటల తరబడి ముందుండి దారి చూపిస్తూ జట్టును ప్రమాదం లేని చోటి దాకా దింపాడు. వాళ్లు క్షేమమని తేలాక అక్కడే కూలి ప్రాణం విడిచాడు. మాటర్‌హార్న్ మీద రెండోవాడిగా మిగిలిన ఆ మనిషి, తనను నమ్మి వచ్చినవాళ్లను దింపడం తన పని అని చివరిదాకా మరిచిపోలేదు.

ముసలితనంలో వింపర్ చేసిన పని బహుశా మీకు మామూలుగా అనిపిస్తుంది. 1896లో షామొనీ లోయకు, 1897లో జెర్మాట్ లోయకు గైడ్ పుస్తకాలు రాశాడు. ఏ దారి ఎటు పోతుంది, ఎంతసేపు పడుతుంది, గైడ్‌కు ఎంత ఇవ్వాలి, ఎక్కడ బస దొరుకుతుంది వంటివన్నీ ఉండేవి. ఒకసారి రాసి వదిలేయలేదు. ఏటేటా ఆ లోయలకు వెళ్లి సరిచూసి కొత్త ముద్రణ తెచ్చేవాడు. ముక్కుసూటి మనిషి, స్నేహాలు తక్కువ. అరవై దాటాక పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది, కాపురం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1911 సెప్టెంబరు 16న, 71వ ఏట, షామొనీలో ఒక హోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. ఆ ఊళ్లోనే సమాధి చేశారు.

మీ పిల్లలను పంపే ముందు

ఇంత కథ చదివాక పిల్లలను కొండలకు పంపకూడదని మీరు అనుకోనక్కర్లేదు. ఏం అడగాలో తెలుసుకుంటే చాలు. క్యాంప్ నిర్వాహకులను ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఏ టైమ్‌కు ఎక్కడున్నా వెనక్కి తిరుగుతారు? మాటర్‌హార్న్ మీద ఈ రోజుకీ దిగడానికి ఎక్కినంత సమయం పడుతుంది. ఒంట్లో ఓపిక అయిపోయాక, గమ్యం చేరామన్న నిశ్చింతలో దిగాల్సి ఉంటుంది. మధ్యాహ్నం దాటితే కొండల్లో వాతావరణం మారే అవకాశం కూడా ఎక్కువ. తిరిగే టైమ్ ముందే రాసి ఉండాలి.

2. జట్టులో అందరికంటే నెమ్మదైన పిల్లవాడి కోసం ఏం ఏర్పాటు ఉంది? వేగంగా నడిచేవాడిని చూసి ప్లాన్ వేస్తే అది సగం మందికే పనికొస్తుంది.

3. ఎంతమంది పిల్లలకు ఒక శిక్షకుడు? వాళ్లు కలిసి ఇంతకుముందు పనిచేశారా?

4. తాళ్లు, హెల్మెట్లు ఎప్పుడు, ఎవరు తనిఖీ చేశారు? మంచి సామాను సంచిలో ఉండి పాతది ఒంటి మీద ఉంటే లాభం లేదు.

5. హిమాలయాలకైతే, ఎత్తుకు అలవాటుపడటానికి ఎన్ని రోజులు కేటాయించారు? 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు ఉండాలనీ వైద్యుల సూచన. మీ అబ్బాయి స్కూల్లో పరుగు పందెంలో మొదటివాడైనా సరే, ఈ నియమం అతనికీ వర్తిస్తుంది.

ఈ ప్రశ్నలకు చిరాకు పడకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గరికే పంపండి.

చదువు విషయంలోనూ ఒకసారి ఆలోచించండి. ఎంట్రన్స్ పరీక్ష రోజు దాకా మనం గంట గంటకీ టైమ్‌టేబుల్ వేస్తాం. ఫలితం వచ్చిన మర్నాటికి ఏమీ వేయం. అనుకున్న ర్యాంకు వస్తే తర్వాత ఏంటి, రాకపోతే ఇంట్లో ఆ సాయంత్రం ఎలా గడవాలి, పిల్లవాడు ముందుగా ఎవరితో మాట్లాడాలి అన్నవి పరీక్షకు ముందే, తీరిగ్గా ఉన్నప్పుడే, పిల్లలతో కలిసి మాట్లాడుకోవాల్సిన విషయాలు. కష్టమైన చోట రాతికి తాడు కడదామన్న మాట శిఖరం మీద అనుకున్నారు. అది ముందే తేల్చుకున్న పనుల జాబితాలో ఉండి ఉంటే బాగుండేది.

ఆ తెగిన తాడు ముక్క ఇప్పుడు జెర్మాట్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. ఎంత సన్నదో చూసి జనం ఆశ్చర్యపోతుంటారు. ఈ ఆదివారం మీ పిల్లలతో కూర్చుని ఒక చిన్న పని చేయండి. మీరు వెళ్లాలనుకుంటున్న ఏదైనా కొండ మ్యాప్ తీసి, పెన్సిల్‌తో ఎక్కే దారి గీయమనండి. అయిపోయాక పెన్సిల్ తీసుకోకండి. దిగే దారి కూడా గీయమనండి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎన్ని గంటలకు తిరగాలి, నీళ్లు ఎక్కడ, వాన వస్తే ఎక్కడ ఆగాలి అన్నీ వాళ్లనే రాయనివ్వండి. వాళ్లు వేసిన ప్లాన్ చూస్తే, వాళ్లు సిద్ధంగా ఉన్నారో లేదో మీకే తెలిసిపోతుంది.